కత్తెరక్క జోస్యం

"నా ఉద్యోగం పోతోందక్కా. నీకు చల్లగా ఉందా ఇప్పుడు?"

గుమ్మంలో నిలబడి అడిగింది మా చెల్లి. ఆఫీసు బ్యాగు ఇంకా భుజానే ఉంది. జుట్టు రేగిపోయి ఉంది. నేను మెషిన్ ఆపలేదు. స్కూలు యూనిఫాం చొక్కా చెయ్యి ఒకటి సూది కింద సగంలో ఉంది. పైగా చాలా రోజుల తర్వాత నాకు నిజంగానే చల్లగా ఉంది.

"కూర్చో," అన్నాను. "మంచినీళ్లు తాగుతావా?"

"నీ మంచినీళ్లు నువ్వే తాగు. కత్తెరక్కవి నువ్వా కాదా, అది చెప్పు."

ఇక దాచి లాభం లేదు. చెయ్యి చివరిదాకా కుట్టి, దారం తెంపి, అప్పుడు తలెత్తాను.

"నేనే."

దీన్ని మొదలుపెట్టింది నేను కాదు, కాలేజీకి వెళ్లే మా పిల్ల. ఈ ముందు గదిలో మెషిన్ తొక్కుతూ, పక్కన మోగే టీవీని నేను నోటికొచ్చినట్టు తిడుతుంటే, నాకు తెలియకుండా రికార్డు చేసింది. దానికో కత్తెర బొమ్మ తగిలించి ఫోన్లో లోకం మీదికి వదిలింది. "ఏమ్మా హీరోయినూ, వారం నుంచి అదే మెట్టు మీద నిలబడి ఏడుస్తున్నావు, కాళ్లు పీకడం లేదా?" అన్నది నా మొదటి పలుకు. జనం పడీ పడీ నవ్వారట. అప్పటినుంచి ఎపిసోడ్ అయిపోగానే నేను నాలుగు మాటలు అనడం, అది కత్తిరించి సరిచేసి పెట్టడం అలవాటైపోయింది. మొహం కనిపించదు, పేరు ఉండదు. నా గొంతు, వెనకాల మెషిన్ చప్పుడు, చివర్లో కత్తెర చప్పుడు. అంతే.

నేను ఎక్కువగా దులిపేది 'తలుపు తెరిచే ఉంది' అనే సీరియల్ని. దానికి కథా మాటలూ రాసేది మా చెల్లి.

తెలిసే దులిపాను. చెల్లెలు రాసింది కదా అని బాగాలేనిదాన్ని బాగుందనడం నాకు చేతకాదు. పాపం, అది నాకే ఫోన్ చేసి ఏడ్చేది. "ఎవరో కత్తెరక్కట అక్కా, నా ప్రాణం తోడేస్తోంది" అని. "పోనీలేవే, ఎవత్తో పనీపాటా లేనిది" అని ఓదార్చేదాన్ని. ఆ ఓదార్పులో నాకు కాస్త సరదా కూడా ఉండేది, కాదనను.

ఆ సరదా సీరియల్లోకి పిచ్చక్క అనే పాత్ర వచ్చేదాకానే.

"ఎలా తెలిసింది నీకు?" అని అడిగాను.

"అమ్మ చెప్పింది."

"నేనేం చెప్పానే?" అంది మా అమ్మ. టీవీ ముందు కుర్చీలో కూర్చుని ఉంది. ఆ కుర్చీ ఆవిడది, సాయంత్రమైతే ఇంకెవరూ కూర్చోకూడదు.

"నిన్నటి దాంట్లో అక్క గొంతు వెనకాల నీ గొంతు వినబడిందమ్మా. 'సౌండ్ పెంచవే, చెవిలో ఏమీ పడటం లేదు' అని. నీ గొంతు నాకు తెలీదా? అది తెలిశాక ఆ మెషిన్ చప్పుడూ తెలిసింది. ఇన్నాళ్లూ వింటూ ఏడ్చానే గానీ గుర్తుపట్టలేదు. నా చెప్పు తీసి నన్నే కొట్టుకోవాలి."

"ఇప్పుడూ ఏమీ పడటం లేదు," అంది అమ్మ. "మీ గొడవ అయ్యాక కాస్త పెంచండి. ఇంకాసేపట్లో వచ్చేస్తుంది."

ఇల్లు కూలిపోతున్నా మా అమ్మకి ఆ సీరియల్ తప్పకూడదు.

చెల్లి బ్యాగు దించి కుట్టుబల్ల మీద పడేసింది. నేను గీసిన సుద్ద గీతలన్నీ చెరిగిపోయాయి.

"ఆఫీసులో నన్ను కూర్చోబెట్టి అడిగారక్కా. రాబోయే కథ బయటికి ఎలా పోతోందని. కత్తెరక్క ఇవాళ ఏం చెబితే రేపు అదే వస్తోంది. వెళ్లిపోయిన మొగుడు సూట్‌కేసుతో తిరిగొస్తాడంది, వచ్చాడు. పెళ్లాం ఒక్క మాట కూడా అనకుండా 'తిన్నారా' అని అడుగుతుందంది, అడిగింది. నిన్న రెయిన్‌కోటు. రంగుతో సహా చెప్పావు. రాసేది నేనొక్కదాన్నే కాబట్టి అమ్ముకున్నదీ నేనే అని తేల్చేశారు. రేపు ఉదయం వచ్చి కనబడమన్నారు. ఎందుకో నాకు తెలుసు."

"నాకూ తెలుసు," అన్నాను. "అందుకే చెప్పాను."

అది నా మొహంలోకి చూసింది. నేను నవ్వలేదు. నవ్వినట్టే ఉండి ఉంటుంది.

చెప్పడం నాకేమీ కష్టం కాలేదు. ఆ పిచ్చక్కని నేనే కాబట్టి.

మా పిల్లకి ఐదేళ్లప్పుడు మా ఆయన ఇల్లు వదిలి, ఇంకో ఆడమనిషి దగ్గర ఏడాది ఉన్నాడు. లిఫ్టులు బిగించే మెకానిక్ కాబట్టి, వేరే ఊళ్లో పెద్ద ఆసుపత్రి కడుతున్నారని, లిఫ్టుల పని మీద వెళ్లాడని అందరికీ చెప్పాను. అమ్మకీ అదే చెప్పాను, పిల్లకీ అదే చెప్పాను. నిజం చెప్పుకుని ఏడ్చింది ఒక్క చెల్లి దగ్గరే. తిరిగొచ్చిన రోజు నేనేమన్నానో, ఎందుకన్నానో కూడా దానికే చెప్పాను. "ఆయన మీద ప్రేమ పొంగి కాదే. పిల్ల రోజూ కిటికీ పట్టుకుని నిలబడుతోంది. దాని మొహం చూసి తిన్నారా అని అడిగాను" అని. మా పిల్లకి వాళ్ల నాన్నంటే ప్రాణం. ఆ ఏడాది సంగతి దాని చెవిన పడకూడదని ఇన్నేళ్లూ నోరు కుట్టేసుకుని బతికాను.

మా చెల్లి ఆ కన్నీళ్లు తీసుకెళ్లి టీవీలో పెట్టింది. పోనీ, గౌరవంగా పెట్టిందా? హీరోయిన్‌కి ఒక అక్క. అన్నిటికీ తలాడించే తింగరిది. ఆమె నోరు తెరిస్తే చాలు, వెనకాల 'టొయ్యిం' అని ఒక వాయిద్యం. సీరియల్లో అందరూ ఆమెను పిచ్చక్క అంటారు. మొగుడు వెళ్లిపోయిన ఎపిసోడ్ వచ్చిన రోజు మా అమ్మ ఇదే కుర్చీలో కూర్చుని, "ఛీ, దీనికి సిగ్గూ శరం లేవే! మొగుడు ఇంకొకత్తె పంచన చేరితే, పని మీద వెళ్లాడని అందరికీ చెప్పుకుంటుందా? కన్నతల్లికి కూడానా?" అంది. నా చేతిలో సూది వేల్లోకి దిగింది.

ఆ రోజే అనుకున్నాను, దీన్ని వదలనని. తిడితే చాలదు. తిడితే జనం నవ్వుతారు, చూడటం మానరు. దాని చేతిలో కలం ఊడగొట్టాలి. అందుకని తిట్టడం మానేసి జోస్యం మొదలుపెట్టాను.

"ఎందుకు చేశావే?" అన్నాను ఇప్పుడు. "ఇంకెవరి బతుకూ దొరకలేదా నీకు?"

"నువ్వే అడిగావు."

"నేనా?"

"కత్తెరక్క అడిగింది. 'ఇంతమంది ఆడవాళ్లున్నారు ఈ సీరియల్లో, ఒక్కత్తె కూడా మనిషి కాదు. ఇల్లు ఈడ్చుకొచ్చే ఆడది ఎలా మాట్లాడుతుందో ఈ రాసేదానికి తెలుసా? దీనికి అక్కాచెల్లెళ్లు లేరా?' అన్నావు. మరిచిపోయావా? దాన్ని మా మీటింగులో అందరి ముందూ వినిపించారు. తల దించుకుని కూర్చున్నాను. నాకు తెలిసిన మనిషివి నువ్వొక్కదానివే అక్కా. నిన్నే రాశాను."

 ఆ మాట అన్నది నిజమే. ఆ రోజు నన్ను ఎంతోమంది మెచ్చుకున్నారు కూడా.

"రాస్తే మనిషిలాగే రాయొచ్చుగా? ఆ టొయ్యిం ఎందుకు?"

"అది నేను పెట్టలేదు, డైరెక్టరు పెట్టాడు. కాగితం మీద నువ్వు అలా లేవు."

"జనం చూసేది కాగితమా?"

  టీవీలో ఎవరో సబ్బు గురించి పాడుతున్నారు.

"అక్కా," అంది చివరికి, గొంతు తగ్గించి. "ఈ రాత్రికి ఒక్క మాట చెప్పు. అంతా ఊహించి చెప్పానని, నాకెవరూ కథ చేరవేయలేదని. నేను బతికిపోతాను."

"చెబుతాను. ముందు ఆ పిచ్చక్కని చంపెయ్."

"ఏంటీ?"

"ఏ బస్సు కిందో తోసెయ్. లేదంటే మెట్ల మీంచి దొర్లించు. మీ సీరియల్లో మెట్లకేం కొదవ? అది చచ్చిపోవాలి. దాని గురించి ఇంకొక్క ముక్క కూడా రాకూడదు."

"ఎవర్ని చంపుతున్నారే?" అంది అమ్మ.

"పిచ్చక్కనమ్మా."

"వద్దే తల్లీ! మొగుడికి గడ్డి పెట్టేదాకా అయినా దాన్ని బతకనివ్వండి."

చెల్లి తల అడ్డంగా ఊపింది. "ఈ వారానిదంతా షూటింగ్ అయిపోయిందక్కా. ఇవాళ్టిది ఇప్పుడు వచ్చేస్తుంది. ఆపడం నా చేతుల్లో లేదు."

"అయితే నేనూ ఆపను. నీ ఉద్యోగం పోనీ. నువ్వు రోడ్డు మీద నిలబడు. అప్పుడు నీ వెనకాల కూడా ఎవడైనా టొయ్యిం అని వాయిస్తే, ఎలా ఉంటుందో నీకు తెలుస్తుంది."

"నేను నీ చెల్లెల్నక్కా."

"నేను నీకు అక్కనని నువ్వు రాసేటప్పుడు గుర్తు రాలేదుగా?"

అప్పుడే లోపలి గది తలుపు తెరుచుకుంది.

మా పిల్ల. చేతిలో పసుపు రెయిన్‌కోటు. తిరిగొచ్చిన రోజు వాళ్ల నాన్న సూట్‌కేసులోంచి తీసిచ్చింది, బీరువా అట్టడుగున, పాత దుప్పట్ల కింద ఉండాల్సింది. మడతల దగ్గర పగుళ్లిచ్చి ఉంది. చేతుల చివర నేను వేసిన ఆఖరి మడత కుట్టు ఇంకా అలాగే ఉంది.

"అమ్మా, మొన్న నువ్వు రెయిన్‌కోటు అన్నప్పుడు దాన్ని సరిచేసి పెట్టింది నేనే," అంది. గొంతు మామూలుగానే ఉంది. దానికే నాకు భయం వేసింది. "నా కోటు గుర్తొచ్చి అన్నావనుకున్నాను. నిన్న టీవీలో పిచ్చక్క మొగుడు నిజంగానే పసుపు కోటు తీశాడు. పిన్నికి కూడా నా కోటే గుర్తొచ్చిందనుకున్నాను. కానీ సీరియల్లో ఆయన పని మీద వెళ్లలేదు కదమ్మా?"

కోటు పట్టుకుని నా ముందుకొచ్చి నిలబడింది.

"నాన్న ఆసుపత్రి లిఫ్టులకి వెళ్లాడా, లేదా?"

ఆ ఏడాదంతా చెప్పిన అబద్ధాలు వరసగా నాలిక చివరికొచ్చాయి. అన్నీ బాగా అరగదీసినవే, దేనికీ తడుముకోనక్కర్లేదు. అయినా ఒక్కటీ బయటికి రాలేదు.

"వెళ్లలేదు," అన్నాను.

"ఎక్కడికి వెళ్లలేదు?" అంది అమ్మ. మమ్మల్ని ఒక్కొక్కరినీ చూసింది. చెల్లిని, పిల్లని, చివరికి నన్ను. చూస్తూ చూస్తూనే ఆవిడ మొహం మారిపోయింది. పక్కనున్న రిమోట్ తీసుకుని, తన చేత్తో తనే సౌండ్ తగ్గించింది.

"ఆ పిచ్చక్కని నేనెన్ని మాటలన్నానే," అంది నాతో.

నాకు ఏడుపు వచ్చింది, మింగేశాను. ఏడవడానికి అది సమయం కాదు. కోపం చల్లారితే నేను నిలబడలేను. చెల్లి మీదికి తిరిగాను.

"చూశావా నువ్వు చేసిన పని? కళ్లు చల్లబడ్డాయా?"

"నేనా? ఒక్క టీవీలోనే వచ్చి ఉంటే అది నవ్వుకుని ఊరుకునేది. ముందురోజు నీ నోట విన్నది కాబట్టి పట్టుకుంది. నా మీద కక్షతో నీ ఇల్లు నువ్వే విప్పి చూపించుకున్నావక్కా."

ఆ మాట సూటిగా తగిలింది. నిజం కాబట్టి ఇంకా మండింది.

"సరే. ఇక దాచడానికి ఏం మిగిలింది? ఇవాళ్టిది కూడా చెబుతాను. నిన్న రాత్రే చెప్పాను కూడా. కోటు పిల్లకి రెండు సైజులు పెద్దదవుతుంది. పిచ్చక్క కూర్చుని చేతులు మడిచి కుడుతుంది. ఏడాదిలో బిడ్డ ఎంత ఎదిగిందో తెలియని తండ్రి కొన్న కోటు కదా. అంతేనా? రేపు ఆఫీసుకెళ్లి చెప్పుకో, ఇది కూడా చెప్పేసిందని."

చెల్లి బల్ల దగ్గరికి నడిచింది. బ్యాగు పట్టీని వేలికి చుట్టుకుంటూ నిలబడింది.

"కుట్టదక్కా," అంది.

"ఎందుకు కుట్టదు? నేను కుట్టాను."

"ఇవాళ్టిది నువ్వు చెప్పలేవు. అది నువ్వు నాకు చెప్పింది కాదు."

"మరి ఎవరు చెప్పారు?"

"బావ."

మెషిన్ చక్రం మీద ఉన్న నా చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"పోయిన నెల మా ఆఫీసుకొచ్చాడు," అంది చెల్లి. "కథ ఎటు పోతోందో పసిగట్టాడు. ఇంతటితో ఆపమ్మా, నా కూతురు చూస్తుందని బతిమాలాడు. నా ముందు కూర్చుని ఏడ్చాడు. పిల్ల ఆ పసుపు కోటు వేసుకున్నప్పుడల్లా నా ప్రాణం పోయేది అన్నాడు. ఎందుకు బావా అన్నాను. చెప్పేశాడు. చెప్పాక గానీ ఎవరికి చెప్పాడో ఆయనకి తెలిసిరాలేదు."

"నువ్వు రాసేశావు."

"రాసేశాను. నా మలుపులన్నీ ముందే తెలిసిపోతున్నాయని కత్తెరక్క వెక్కిరించింది. కలలో కూడా ఆమెకి తట్టనిది ఒక్కటి పెట్టాలనుకున్నాను. ఆమె నువ్వని నాకేం తెలుసు?"

"ఏం చెప్పాడే ఆయన?"

చెల్లి పిల్ల వైపు చూసింది. "దాని ముందు వద్దక్కా."

"ఇంకాసేపట్లో టీవీలో చూస్తానుగా పిన్నీ," అంది మా పిల్ల. "నువ్వే చెప్పు."

చెల్లి కళ్లు దించుకుని, ఎవరితోనూ కానట్టు చెప్పింది. "ఆ కోటు నీ కోసం కొన్నది కాదమ్మా. ఆ ఇంట్లో ఒక పిల్లాడున్నాడు. నీకంటే రెండేళ్లు పెద్ద. వాడి కోసం కొన్నాడు. వచ్చేసే రోజు తొందరలో మీ నాన్న బట్టలతో పాటు సూట్‌కేసులోకి వచ్చేసింది. నువ్వు చూసి, 'నాకేనా నాన్నా' అని ఎగిరావట. ఆయన అవునన్నాడు."

"ఎవరి పిల్లాడే?" అంది అమ్మ.

అది చెల్లి చెప్పక్కర్లేదు. మా పెళ్లయిన మరుసటి ఏడాదే మా పిల్ల పుట్టింది. దానికంటే రెండేళ్లు పెద్ద అంటే, నేను ఈ ఇంట్లో అడుగుపెట్టకముందే వాడు పుట్టాడు.

నేను ఇన్నేళ్లూ ఓర్చుకున్నది ఒక్క ఏడాదినే అనుకున్నాను.

పిల్ల చేతిలోంచి కోటు తీసుకున్నాను. చేతుల చివర కుట్టు నాదే. పిల్ల ఎదిగేకొద్దీ ప్రతి వానాకాలానికీ ఒక మడత విప్పుతూ వచ్చాను. ప్రతిసారీ లోపల్లోపల నవ్వుకునేదాన్ని, ఈ మగవాళ్లకి కన్నబిడ్డ కొలత కూడా తెలియదని. ఆయన కొలత తప్పలేదు. సరిగ్గానే కొన్నాడు.

బయట గేటు చప్పుడైంది. పనిముట్ల పెట్టె గుమ్మం పక్కన దించిన చప్పుడు. అదే సమయానికి టీవీలో 'తలుపు తెరిచే ఉంది' పాట మొదలైంది. సౌండ్ పెంచమని ఎవరూ అడగలేదు.

"ఏంటీ, అందరూ ఇక్కడే ఉన్నారు?" అన్నాడాయన లోపలికి వస్తూ. చెల్లిని చూసి ఆగాడు. పిల్ల నవ్వుతుందేమోనని దాని వైపు చూశాడు. అది నవ్వలేదు. ఇక నా వైపు తిరిగి నిలబడ్డాడు. ఇంటికి రాగానే నేను తిన్నారా అని అడగాలి. ఇన్నేళ్లలో ఒక్కరోజు కూడా అడగకుండా ఉండలేదు.

కోటు తీసి కుట్టుబల్ల మీద పరిచాను. ముడతలు అరచేత్తో సాపు చేశాను. మెడలో ఉన్న టేపు తీసి దాని పక్కన పెట్టాను. పెళ్లయిన నాటినుంచి మీరు అంటూ వచ్చిన మనిషిని, మొదటిసారి పేరు పెట్టి పిలిచినట్టు నువ్వు అన్నాను.

"ఇది నువ్వు ఎవరి కొలతకి కొన్నావు?"

ఆయన నా వైపు చూడలేదు. కోటు వైపు కూడా చూడలేదు. మా చెల్లి వైపు చూసి, "చెప్పేశావా?" అన్నాడు.